పాత తేదీలు

ముందుగదిలో మూడు ఎంబ్రాయిడరీ మెషిన్లు, వెనకగదిలో ఒక ముసలి కంప్యూటరు, ఇదీ ఆ ఇంటి వ్యాపారం. మెషిన్లు చిన్నకోడలి బావగారివి, కంప్యూటరు మీద పెత్తనం ఆయన భార్య, పెద్దకోడలిది. గుడ్డ మీదకెక్కే పువ్వులూ తీగలూ ఆకులూ మాత్రం అన్నీ చిన్నకోడలి చేతిలో పుట్టినవే. కాపురానికొచ్చిన కొత్తలో సరదాగా మొదలెట్టిన పిల్ల, పురిటికి వెళ్ళినప్పుడు తప్ప మళ్ళీ చెయ్యి ఆపింది లేదు. నిద్రలో కూడా దుప్పటి మీద వేలితో తీగలు గీస్తుందని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఆ కంప్యూటర్లో పైసా ఇవ్వకుండా వచ్చే సిస్టమ్ ఉండేది. ఉచితమన్న మాట చెవిన పడితే చాలు, బావగారికి ప్రాణం లేచొస్తుంది. తీరా చూస్తే బొమ్మలు నొక్కితే అయ్యే పనులు కొన్నే. మిగతావాటికి నల్లటి తెర తెరిచి, మాటలు కొట్టి చెప్పాలి. ఆ మాటలన్నీ చిన్నకోడలికి నేర్పింది పెద్దకోడలే. ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఎంత ఓపిగ్గా నేర్పిందో.

"ఎల్ ఎస్ అని కొట్టు. ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. పక్కన గీత గీసి ఇంకో ఎల్ తగిలించావనుకో, ఏది ఎవరిదో కూడా చెబుతుంది."

"అచ్చం అత్తయ్యలాగే అన్నమాట. ఆరాలన్నీ కావాలి."

"నవ్వింది చాల్లే, ఇటు చూడు. ఈ మొదటి మూడు అక్షరాలూ యజమానివి. తర్వాతి మూడూ ఇంట్లోవాళ్ళవి, దాన్ని గుంపు అంటారు. ఆ చివరి మూడూ దారినపోయేవాళ్ళవి. ఆర్ ఉంటే చదవొచ్చు, డబ్ల్యు ఉంటే మార్చొచ్చు."

"లేకపోతే?"

"లేకపోతే గడప బయటే నిలబడాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. తోడికోడళ్ళంటే ఇలా ఉండాలని వీధిలోవాళ్ళు చెప్పుకునే రోజులవి.

ఇలా ఉండగా యూనిఫాంల షావుకారు ఒకసారి కొట్టుకొచ్చి, ఆసుపత్రి కోట్ల జేబు మీదకి చిన్నకోడలు గీసిన మూడాకుల కొమ్మ చూసి ముచ్చటపడ్డాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "అమ్మా, నువ్వు సొంతంగా ఒక్క మెషిన్ పెట్టుకో. నీ డిజైన్లు పట్టుకుని రా. ఏడాది పొడుగునా పని నీకే ఇస్తాను" అన్నాడు. ఆ మాటతో ఆమెకు అన్నం సహించలేదు. వేరే కాపురం, వేరే మెషిన్, తన ఆకులు తన పేరు మీద. సంగతి మొగుడికొక్కడికే చెప్పింది. అతను కడుపులో మాట దాచుకునే రకం కాదు. మర్నాడు అన్నగారి పక్కన భోజనానికి కూర్చుని, పెరుగన్నం దాకా కూడా ఆగలేకపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అత్తగారు సైతం ఆరా తీయలేదు. అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు ఆ కొమ్మలో ఒక ఆకు సర్ది సేవ్ చేయబోతే, అనుమతి లేదంది కంప్యూటరు. తనే ఏదో తప్పు నొక్కి ఉంటాననుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే మాట. నల్ల తెర తెరిచి, నేర్చుకున్నట్టే కొట్టింది. డిజైన్లన్నీ వరసగా కిందికి దిగాయి. ప్రతిదాని పక్కనా యజమాని పేరు, పెద్దకోడలిది. సరే, గుంపులోనైనా ఉన్నానా అని అడిగింది. చిన్నకోడలి పేరొక్కటే చూపించి ఊరుకుంది ఆ తెర. కొట్టు గుంపులోంచి ఆమెను తీసేశారు. ఆ ఇంట్లో తిని, ఆ ఇంటికే బిడ్డను కని ఇచ్చిన మనిషి, దారినపోయేవాళ్ళ మూడక్షరాల్లోకి చేరింది. అన్నిటినీ మార్చగల పాస్‌వర్డ్ ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు.

వెళ్ళి అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని భయం. కానీ ఆ చివరి మూడింట్లో ఆర్ ఇంకా ఉంది. చదవగలిగినదాన్ని కాపీ చేసుకోవచ్చు, కాపీ చేసుకున్నది తనదే అవుతుంది. సీపీ అని కొట్టి, అన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుంది. నీ పాఠం నీకే అప్పజెప్పానక్కా అనుకుని కాస్త గర్వపడింది కూడా.

మర్నాడు షావుకారు ఆఫీసుకి వెళ్ళేసరికి, పెద్దకోడలు అప్పటికే కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

"రా చిట్టీ, కూర్చో" అంది, పేరంటానికి పిలిచినంత నెమ్మదిగా.

షావుకారు రెండు పెన్‌డ్రైవ్‌లూ పెట్టి చూశాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు.

"రెండింట్లోనూ అవే బొమ్మలు. ఈవిడవాటికి ఏళ్ళనాటి తేదీలున్నాయి. నీవాటన్నిటికీ నిన్న మధ్యాహ్నమే ఉందేమిటమ్మా?"

చిన్నకోడలు ఆ తేదీలకేసి వంగి చూసింది. "నేను గీసినవేనండీ. కాపీ చేశానంతే."

"అదే నేనూ అంటున్నా. కాపీ చేశావని."

"అయ్యో, దాన్నేమీ అనకండి. మా ఇంటి పిల్లే. తెలియక చేసింది" అంది పెద్దకోడలు. పని ఆవిడకే ఖాయమైంది.

ఇద్దరూ కలిసే ఇంటికొచ్చారు. ఇంటి మెట్ల దగ్గర చిన్నకోడలే ఆగింది.

"పాత తేదీలు పోకుండా కాపీ చేసే పద్ధతుందా అక్కా?"

"ఉంది. సీపీ పక్కన గీత గీసి చిన్న పీ పెట్టాలి."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అడగలేదు." పెద్దకోడలు చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండానే అంది. "నువ్వు నా వెనకాల షావుకారుతో మంతనాలు చేస్తే తప్పు లేదు, నేను జాగ్రత్తపడితే తప్పా? నువ్వు పోతే ఈ మూడు మెషిన్ల మీదా నేను బట్టలారేసుకోనా? చదివే వీలు కూడా తీసేయగలిగి తీయలేదు. అదైనా గుర్తుంచుకో."

వారం తిరక్కుండా షావుకారు కబురు పెట్టాడు, కొమ్మ ఇంకాస్త వంగాలని. పెద్దకోడలు ఆమెను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"నీకు డబ్ల్యు ఇచ్చాను. కాస్త వంచి పెట్టవే."

చిన్నకోడలు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"నాకు రాదక్కా."

"ఏం రాదు?"

"గీయడం."

పెద్దకోడలు ఆమెను లేపి కుర్చీలో తనే కూర్చుంది. పొద్దుగూకేదాకా తంటాలు పడి కొమ్మను వంచింది. నడిమి ఆకు తొడిమ దగ్గర విరిగి, వాడిపోయినట్టు వేలాడింది. ఆవిడకది కనబడలేదు.

కోట్లు కట్టలుకట్టలుగా వచ్చిపడ్డాయి. మనుషులు చాలక చిన్నకోడలిని కూడా మెషిన్ ముందు కూర్చోబెట్టారు. జేబు తర్వాత జేబు, విరిగిన ఆకు తర్వాత విరిగిన ఆకు. సరుకు చూసుకోవడానికి వచ్చిన షావుకారు, ఒక కోటు తీసి బొటనవేలితో ఆ ఆకును తడిమాడు.

"మునుపటికంటే ఇదే బాగుందమ్మా. నిండుగా ఉంది."

చిన్నకోడలు దారం పంటితో తెంపి, ఇంకో కోటు సూది కిందికి తోసింది.