అరువు పేరు

ఈనెలో దబ్బనం దించి, ఆకును దారం మీదకు తోసి, వెలికా ఇంకో ఆకు అందుకుంది. చూడనక్కర్లేదు, ఇరవై రెండేళ్ళుగా చేతులే చేసుకుపోతున్న పని. తెల్లవారుజామున తడి మీద కోసుకొచ్చిన పొగాకు వాడిపోకముందే గుచ్చి పందిట్లో ఆరవేయాలి. జిగురు పట్టి ఆమె వేళ్ళు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. పచ్చి టమాటా పెట్టి రుద్దితే తప్ప ఆ నలుపు వదలదు. ఎడమచేతి చూపుడువేలి గోరు ఎప్పుడో చీలి, మళ్ళీ అతుక్కుని, గవ్వలా వంకరగా పెరిగింది. వయసు యాభై ఒకటి. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. కూర్చున్నచోటు నుంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించాలి.

ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గర్లో నజ్మియే కూర్చుంది.

పోయిన నెల దాకా ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం వాళ్ళ రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు ఉండేవారు. ఇవాళ పదకొండు మంది. అది 1989 జులై. తాతముత్తాతల కాలం నుంచి బల్గేరియాలోనే పుట్టి పెరిగిన తుర్కులు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి టర్కీ సరిహద్దు వైపు పోతున్నారు. రేడియో దాన్ని విహారయాత్ర అంటోంది. పరుపులు, కుట్టుమిషన్లు కార్ల నెత్తిన కట్టుకుని విహారానికి ఎవరు వెళ్తారో రేడియో చెప్పలేదు. ఊళ్ళో రొట్టెల బట్టీ చల్లారింది, బస్సు నడిపేవాడు వెళ్ళిపోయాడు. కొండవాలంతా ఆకు ముదిరి పసుపెక్కుతుంటే, కోతకు పట్నం ఆఫీసుల నుంచి గుమాస్తాలను లారీల్లో దించుతున్నారు.

"ఆ గుమాస్తాల బుట్ట చూశావా అక్కా? ఆకు కోయమంటే మొక్కే పెరికేశారు," అంది నజ్మియే.

"పెన్ను తప్ప ఇంకోటి పట్టడం వచ్చా వాళ్ళకి?"

"నీకు మాత్రం వచ్చిందేంటి? మొదటిరోజే ఆకు వాసనకి కడుపులోదంతా కక్కేశావు, మహా చెప్పొచ్చావు!"

నిజమే. మైదానంలోని గోధుమల ఊరి నుంచి కోడలిగా వచ్చిన వెలికా, మొదటి కోతలో తల తిరిగి చాళ్ళ మధ్యే పడిపోయింది. ముక్కూ మొహం తెలియని నజ్మియే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉప్పు మజ్జిగ తాగించింది. దబ్బనం పట్టడం, వేలికి గుడ్డ చుట్టుకోవడం, నడుం నొప్పెట్టకుండా కూర్చోవడం అన్నీ ఆమే నేర్పింది. అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే బల్ల.

ఇంత దగ్గరి మనిషిని వెలికా నాలుగేళ్ళుగా పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేది, లేకపోతే "నిన్నే" అనేది.

1985 చలికాలంలో అధికారులు బడిలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. తుర్కు పేర్లు ఇక చెల్లవు, అందరూ బల్గేరియా పేరొకటి ఎంచుకోవాలి. బయట మంచులో పోలీసు కుక్కలు. ఆ రోజు అధికారులకు టీ కాచే పని వెలికాకు పడింది. నజ్మియే వంతు వచ్చింది. పేర్ల జాబితా ముందు పెట్టి ఎన్నిసార్లు అడిగినా ఆమె నోరు విప్పలేదు. అధికారి చేత్తో బల్లమీద చరిచాడు. భయపడి, టీ గ్లాసు దించుతూ, వెలికా ఆమె చెవిలో చెప్పింది. "నెవెనా అను. మా అమ్మ పేరు. మంచి పేరే."

తన దగ్గరున్న వాటిలో మేలైనదే ఇస్తున్నాననుకుంది అప్పుడు. నజ్మియే తలెత్తి ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేదని వెలికా తర్వాత చాలాసార్లు అనుకుంది. పాత పేరుతో పిలిస్తే జరిమానా. కొత్త పేరుతో పిలవడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు నజ్మియే భర్త ఇల్యాస్ రొప్పుతూ షెడ్డులోకి వచ్చాడు. దేశం విడిచి వెళ్ళడానికి అతను కాగితాలు పెట్టిన సంగతి వెలికాకు తెలుసు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోతే జరగదేమో అన్నట్టు.

"పాస్‌పోర్టులు వచ్చాయి. లారీ నాలుగింటికే బయల్దేరుతుందట. లే!"

నజ్మియే లేచింది. మేస్త్రి స్టావ్రి దూరం నుంచే అరిచాడు. "సగం దండ ఎవరికి వదిలి పోతున్నావమ్మా?"

ఇల్యాస్ పిడికిళ్ళు బిగించాడు. నజ్మియే మాత్రం మళ్ళీ కూర్చుంది. మిగిలిన ఆకులన్నీ ఒక్కొక్కటే గుచ్చి, కొసన ముడివేసి, దండను వెలికా ఒళ్ళో పెట్టింది.

"ఆవు పాలు పితుకక్కా. పొద్దున పితకలేదు, పొదుగు పగిలిపోతూ ఉంటుంది. తర్వాత నువ్వే ఉంచేసుకో."

"అలాగే," అంది వెలికా. ఇంకేదో అనాలి. దండ కొసనున్న ముడిని ఊరికే ఇంకోసారి బిగించింది.

నాలుగింటికి కూడలి దగ్గర లారీ నిండిపోయింది. బీరువాలు, కోళ్ళ బుట్టలు, వాటి మధ్య మనుషులు. ముసలివాళ్ళు నేలకేసి చూస్తున్నారు. పోలీసు పాస్‌పోర్టులు చూసి పేర్లు చదువుతున్నాడు.

"నెవెనా."

"ఉన్నా," అంది నజ్మియే.

నాలుగేళ్ళలో ఆ పేరుకు ఆమె పలకడం వెలికా చెవిన పడటం అదే మొదలు. పదకొండేళ్ళ క్రితం పూడ్చిన తన తల్లే, ఎవరో పిలిస్తే లారీ మెట్టెక్కినట్టు అనిపించింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది.

"నజ్మియే!"

పోలీసు గిర్రున తిరిగాడు. పక్కనున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కు వేశారు. వెలికా లెక్కచేయలేదు. "నజ్మియే! ఆ రోజు నేను... నీకు మంచే అనుకున్నానే."

నజ్మియే లారీ అంచు మీంచి వంగింది. నల్లబడ్డ వేళ్ళతో వెలికా చెంప పట్టుకుంది.

"తెలుసక్కా. మీ అమ్మ పేరుకేం, సరిహద్దు దాకా జాగ్రత్తగా తీసుకెళ్తా. అక్కడ దించేస్తా. మళ్ళీ నువ్వే తీసి దాచుకో." నవ్వబోయింది గాని పెదాలు వంకరపోయాయి. "ఇంకోసారి పిలువు."

"నజ్మియే."

"ఆఁ" అంది ఆమె, వాకిట్లోంచి పిలిస్తే పలికినట్టు.

లారీ కదిలింది. దుమ్ము అణిగేదాకా వెలికా అక్కడే నిలబడింది. చెంప మీది జిగురు మరక తుడుచుకోలేదు.

తర్వాత ఆ ఇంటికి వెళ్ళింది. ఆవు గొంతు పోయేలా అరుస్తోంది. నుదురు దాని డొక్కకు ఆనించి, బక్కెట్టు నిండేదాకా పితికింది. ఎవరికీ కనపడకుండా ఏడవడానికి ఆ చోటు బాగానే ఉంది. పాలు దించడానికి వంటగదిలోకి వెళ్ళింది. తలుపు తాళం వేయలేదు. గోడకున్న మేకులు ఖాళీగా ఉన్నాయి. పొయ్యి పక్కన మాత్రం, సాయంత్రం రొట్టెకని పొద్దున్నే కలిపి పెట్టిన పిండి, మట్టిమూకుడు అంచులు దాటి, పైన కప్పిన గుడ్డను ఎత్తుకుంటూ ఇంకా పొంగుతోంది.