దానమ్మ కూర్చున్న చెరువు

భావనపాడు సముద్రపు ఒడ్డున నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుని బతికే దానమ్మకు ఓరోజు పొద్దున్నే ఓ చెరువు వచ్చిపడింది. ఎక్కడో కాదు, సరిగ్గా ఆవిడ కూర్చున్న చోటే.

కబురు తెచ్చినవాడు యుగంధర్, పక్షుల ఆవాసాలు లెక్కగట్టే ఆఫీసులో కొత్త ఉద్యోగి. ట్యాబులో ఉపగ్రహం తీసిన ఐదేళ్ల ఫొటోలు చూపించాడు. ఇసుక మధ్య ఓ నీలం మచ్చ, ఏటికేడు పెరుగుతోంది.

"ఇది కొత్త చెరువమ్మా. కొంగలు కూడా వాలుతున్నాయి. ఇకమీదట ఇక్కడ చేపలు ఎండబెట్టకూడదు."

దానమ్మ అటూ ఇటూ చూసింది. పేట ఆడవాళ్లు వరసగా పరిచిన నీలం టార్పాలిన్ బరకాలు తప్ప చెరువూ లేదు, చట్టుబండలూ లేవు. ఇక కొంగలంటారా, నెత్తళ్లున్న చోటికి అవి రాక ఎవరొస్తారు?

"ఇయి బరకాలు బాబూ. మావోలు ఏటా ఇంకో రెండు కొంటన్నారు. అందుకే నీ సెరువు పెరుగుతన్నాది."

"అంత పైనుంచి చూసింది తప్పవుతుందా?"

"అయితే మడతెట్టేస్తాను, సూడు."

యుగంధర్ ముఖం పాలిపోయింది. "వద్దమ్మా. వచ్చే ఫొటోలో చెరువు కనబడకపోతే పక్షుల చెరువు పూడ్చిందెవరని అడుగుతారు. నీ పేరే రాయాల్సొస్తుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దానమ్మకు ఒళ్లు మండింది, వెంటనే భయమూ వేసింది. ఇవాళ ఎండ తగలకపోతే గంపల్లో చేపంతా కుళ్లిపోతుంది. ఇసుకలో ఆరేస్తే కొనేవాడు మూతి తిప్పుకుంటాడు.

"సెరువేనంటావా?"

"చెరువే."

"సెరువైతే సేపలు ఒదిలే అక్కు, పట్టే అక్కు మా మత్స్యకారుల సంఘానిది. ఏ ఊరి సెరువైనా అంతే కదా?"

యుగంధర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. చెరువన్నాక సంఘానికి హక్కు ఉండాల్సిందే అన్నారు.

"మరైతే పొద్దున్న ఒదుల్తాం, సాయంత్రం పట్టుకుంటాం. మజ్జిలో అయి ఎండిపోతే మా కర్మ," అని దానమ్మ గంపెడు నెత్తళ్లు బరకం మీద కుమ్మరించింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఎండలో నిలబడ్డ యుగంధర్‌ని చూస్తే జాలేసింది. "రా బాబూ, ఈ గొడుగు కింద కూకో, టీ తాగుదువు గాని."

అతను బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బరకం అంచున ఆగిపోయాడు.

"లోతెంతమ్మా?"

దానమ్మకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. కానీ చేతికందిన హక్కును నవ్వి పోగొట్టుకునేంత వెర్రిబాగుల్ది కాదావిడ.

"మోకాల్లోతే. మెల్లగా రా."