చెక్క గోడ మీద మూడు దెబ్బలు

ఎనిమిదో తరగతికి పద్యం చెబుతున్నాను, పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు, బెంచీల కింద మోకాలిలోతు నీళ్లున్నా ఎవరి పాదాలూ తడవడం లేదు, పక్క తరగతికీ మాకూ మధ్య చెక్క గోడ పడవలా ఊగుతోంది, దాని అవతల నుంచి డస్టర్‌తో ఠక్ ఠక్ ఠక్ అని మూడు దెబ్బలు పడగానే పదకొండేళ్ల అలవాటు కొద్దీ "సారీ మాస్టారూ!" అని అరిచేస్తాను, ఆ తర్వాత గాని గుర్తుకు రాదు, లెక్కల కూర్మారావు పోయి నెల దాటిందని.

గోడ తలుపులా తెరుచుకుంటుంది. ఆయన బెత్తానికి నూనె రాసుకుంటున్నాడు.

"నీ క్లాసు మళ్లీ సంతలాగుంది గురూ."

"సంతే. సంతోషం అమ్ముతున్నాను. నీ క్రమశిక్షణలో శిక్ష తీసేస్తే ఏం మిగుల్తుంది?"

నవ్వడు. బతికుండగా మీసమైనా కదిలేది.

గోల ఎక్కువైతే గోడ కొట్టాలి, ఆఫీసు రూము గడప తొక్కకూడదు, అదీ మా ఒప్పందం.

"నా మీద కాగితం ఎందుకు పెట్టావు? నీ సంతాపసభలో అందరినీ ఏడిపించి కూర్చున్నాను. నా తర్వాత లేచిన హెడ్మాస్టరమ్మ, ప్రాణస్నేహితుడి మీదే ఫిర్యాదు రాసిన నిష్ఠాపరుడని నిన్ను పొగిడింది! ఆ కాగితం దెబ్బకి నా చేతిలోంచి పదో తరగతి ఊడిన రోజు టీ తాగించి, 'ఎవడో గిట్టనోడి పని గురూ' అన్నది నువ్వే కదా!"

ఆయన తల చొక్కా కాలరులోకి మెల్లగా కుంగిపోతోంది, కూర్మం అన్న పేరు నిలబెట్టుకుంటున్నాడు, ఆ లోపలి నుంచి గొంతు వస్తుంది.

"నా పిల్లల చెవులన్నీ నీ వేపే ఉండీవి. బెత్తం తీస్తే చేతులు చాపీవోరు, అంతే. ఓరోజు నీ జోకుకి నా క్లాసంతా నవ్వీసింది. నేనూ నవ్వీసేను. పిల్లలు చూసీసేరు. ఆ సాయంత్రమే రాసేను."

"గోడ కొట్టొచ్చు కదా!"

"కొడతానే ఉన్నాను. నువ్వు సారీ అనీవోడివి. దానికీ నవ్వీవోరు."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదయ్యా! టీ కొట్టు దగ్గరైనా చెప్పొచ్చు కదా!" అని గొంతు చించుకుంటున్నాను, గోడ మూసుకుపోతోంది, నా గోడు ఇటువైపే ఉండిపోతోంది, ఠక్ ఠక్ ఠక్.

కళ్లు తెరిస్తే తెల్లవారి ఉంది. మా ఆవిడ మంచం పక్కన నిలబడి ఉంది.

"పక్క వాటావోళ్లు గోడ బాదుతున్నారండీ. ఏటా కేకలు?"

గోడ మీద మళ్లీ మూడు దెబ్బలు.

ఆపుకుందామనే అనుకున్నాను. ఈ నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక?

"సారీ మాస్టారూ."