గీకని రంగు

బండ్ల కరెంటు పనిలో టెస్టరును మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఎప్పుడూ చెవి వెనక టెస్టరు దోపుకుని తిరుగుతాడు కనక ఆ పేరే స్థిరపడింది. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పని నేర్చుకుంటామని ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే చెప్పేవాడు. కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు వైరును బండి ఇనుముకు బిగించే చోట, రంగు కరెంటును పోనివ్వదు కనక, ముందు రంగు గీకెయ్యాలి, కింద ఇనుము తళతళలాడాలి, ఆ తర్వాతే బోల్టు. రెండు నిమిషాల పనికి బద్ధకించే వాడికి ఈ షెడ్డులో చోటు లేదనేవాడు. వెయ్యి బండ్లకు గీకి ఉంటాడు. ఒక్కదానికి మాత్రం గీకలేదు.

ఆ ఒక్కటీ ఇప్పుడు అతని షెడ్డులో ఉంది. పన్నెండు రోజుల కిందట, రాత్రిపూట, మలుపు దగ్గర తిరక్కుండా నేరుగా వెళ్లి కాలువలోకి ఒరిగిపోయింది. నడుపుతున్నది అతని బావ, అక్క మొగుడు. ఆయన కూర్చున్న వైపు తలుపు లోపలికి చొచ్చుకుపోయింది. ముందు లైట్లు మాత్రం చెక్కుచెదరలేదు. పోలీసులు డ్రైవరు కునుకు తీశాడని రాసి చేతులు దులుపుకున్నారు. లైటు స్విచ్చి ఆపి ఉందేమిటని టెస్టరు అడిగితే, మనిషిని బయటికి లాగేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఉంటుందిలే అన్నారు.

ఆ కునుకు మాట అక్క గుండెలో మేకులా దిగింది. ప్రమాదానికి ముందు రాత్రి మొగుణ్ణి తెల్లవార్లూ నిద్రపోనివ్వలేదు ఆవిడ. పన్ను పీకించుకుని, వాచిన బుగ్గతో ఆసుపత్రి మెట్ల మీద గంటన్నర కూర్చుంటే, వచ్చి తీసుకెళ్తానన్న మనిషి మరిచిపోయాడు. దానికి దులిపేసింది. ఆయన పడుకోబోతే దుప్పటి లాగేసి మరీ దులిపింది. మొగుడూ పెళ్లాలన్నాక ఇలాంటివి ఏ ఇంట్లో ఉండవు? కానీ మర్నాడు ఆయన తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆవిడ కంటి మీద కునుకు లేదు. ఆయన దగ్గర లాక్కున్న నిద్ర తనకెలా వస్తుందని అడుగుతుంది.

ఆ ఉదయం షెడ్డుకు వచ్చి, పాత కారు సీటును బల్లగా వేసిన చోట కూర్చుంది. కళ్లు పీక్కుపోయి, మనిషి సగమైంది.

"కునుకు తీశాడా, లైట్లేమన్నా పోయాయా, నువ్వు చూసి చెప్పరా" అంది. "ఇంకెవడు చెప్పినా నేను నమ్మను."

టెస్టరు కారు ముందు లైట్ల వైపు చూశాడు. ఆ లైట్లు బిగించింది తనే.

మూడు నెలల కిందట బావ కారుకు కొత్త రంగు వేయించాడు. దాంతోపాటు లైట్లూ మార్చాలన్నాడు, రోడ్డు పగటిలా కనిపించాలన్నాడు. పెద్ద బల్బులు లాగే కరెంటు పాత స్విచ్చి మోయలేదు. అందుకని మధ్యలో రిలే పెడతారు. స్విచ్చి ఆ చిన్న డబ్బాకు సైగ చేస్తే, అసలు కరెంటు డబ్బాయే పంపుతుంది. టెస్టరు అంతా కుదురుగానే చేశాడు. చివర్న రంగు గీకడానికి ఉప్పుకాగితం తీస్తే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అక్కనో మాటన్నా ఊరుకుంటాను గానీ బావమరిదీ, నా రంగు మీద గీత పడితే ఊరుకోను."

ఇద్దరూ నవ్వుకున్నారు. బావ ముచ్చట చూసి టెస్టరు మెత్తబడ్డాడు. ఉప్పుకాగితం జేబులో పెట్టేసుకుని, రెండు లైట్ల ఎర్తూ రిలే ఎర్తూ కలిపి రంగు మీదే ఒక బోల్టుకు బిగించాడు. గట్టిగానే బిగించాడు. లైట్లు భగ్గుమన్నాయి.

రెండు నెలలు గడిచాక బావ ఫోను చేశాడు. గతుకుల్లో ఒకసారి రెండూ ఆరి వెలిగాయన్నాడు. అప్పుడు టెస్టరు ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. రిలే అతుక్కుంటున్నట్టుంది, తీరిక చూసుకుని పట్టుకురా, ఈలోగా ఆరిపోతే ఒకసారి ఆపి మళ్లీ వెయ్యి, అదే వెలుగుతుంది అని చెప్పాడు. పరాయి బండైతే వెంటనే తీసుకురమ్మనేవాడు. సొంతవాళ్లంటే అంత అలుసు మనకు.

ఇప్పుడు షట్టరు దించి స్విచ్చి వేశాడు. ఎదురు గోడ మీద రెండు తెల్లటి వెలుగులు పడ్డాయి. అక్క కళ్లు చికిలించింది. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే మీద వేలితో కొట్టాడు, వెలుగు కదల్లేదు. దాన్ని పీకి కొత్తది పెట్టాడు, అదే వెలుగు. స్విచ్చి దగ్గర వైర్లు లాగి చూశాడు. తప్పు అక్కడెక్కడైనా దొరికితే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంటోంది. ఇంజను ముందు ఉన్న ఆ బోల్టు వైపు మాత్రం చెయ్యి పోవడం లేదు.

చూడాల్సినవన్నీ అయిపోయాక అదొక్కటే మిగిలింది. గతుకుల అదురుకు బోల్టు వదులైంది. చుట్టూ రంగు కమిలి గోధుమరంగుకు తిరిగింది. చిటికెన వేలితో వైరును కాస్త కదిపాడు. రిలే టిక్కుమంది. గోడ మీద రెండు వెలుగులూ ఒక్కసారే పోయాయి.

చీకట్లో చేత్తో తడుముకుంటూ వెళ్లి స్విచ్చి ఆపాడు, మళ్లీ వెయ్యబోయాడు. ఆపి ఉన్న స్విచ్చి మీద చెయ్యి ఆగిపోయింది. బావ చెయ్యి కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయిందని అప్పుడు అర్థమైంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. అడిగేవాళ్లు లేరు, కనిపెట్టేవాళ్లు అంతకన్నా లేరు. అక్క మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ కునుకును మోస్తుంది. టెస్టరు షట్టరు పైకి లేపాడు.

"బావ నిద్రపోలేదక్కా. లైట్లు పోయాయి."

ఎందుకు పోయాయని అడిగింది. ఎర్తు దగ్గర తను రంగు గీకలేదని చెప్పాడు. బావే వద్దన్నాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. ఫోను సంగతి కూడా చెప్పాడు.

"ఆపి మళ్లీ వెయ్యమన్నాను. నేను చెప్పినట్టే ఆపాడు. వేసే టైము లేకపోయింది."

ఆవిడ తమ్ముడి ముఖంలోకి చూసింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"అయితే మెలకువగానే ఉన్నాడు" అంది.

"మెలకువగానే ఉన్నాడు."

"ఇక నీతో మాట్లాడలేను రా నేను. మా గుమ్మం తొక్కకు." ఆ మాటంటూనే సీటు మీద ఒరిగింది, అతనికి వీపు తిప్పి. "నిద్రొస్తోంది. లేపకు."

పన్నెండు రోజుల నిద్ర అది. నిమిషంలో గురక పెట్టింది. టెస్టరు చప్పుడు కాకుండా బోల్టు విప్పి, ఉప్పుకాగితం తీసి, ఆ చోట మెల్లగా గీకసాగాడు. కొత్త రంగు పొడిలా రాలింది. కింద ఇనుము తళతళలాడింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.