చూద్దాం

మా ఇంట్లో ‘కాదు’ అనే మాట ఎవరూ వాడరు. ఏదైనా ఇష్టం లేకపోతే మా నాన్న ‘చూద్దాంలే’ అంటాడు, ఇక ఆ సంగతి మరిచిపోవాల్సిందే. ఈ సూక్ష్మం మా వదినకి చాలాకాలం ఒంటబట్టలేదు. మా భాష ఆవిడకి పెళ్లితో వచ్చింది. కొండలు చూపిస్తావా అని అడిగితే మా అన్నయ్య ‘చూద్దాం’ అన్నాడట. ఆ మాట పట్టుకుని పాపం, ఏళ్ల తరబడి పెట్టె సర్దుకునే ఉంది.

వదినా నేనూ వాతావరణ సభల్లో దుబాసీలం. అద్దాల గదిలో పక్కపక్కనే కూర్చుంటాం. సభలో వాళ్లు మాట్లాడింది నేను మా భాషలోకి చెబుతాను. మా భాషలో ఎవరైనా మాట్లాడితే వదిన సభ భాషలోకి చెబుతుంది. హాలు మొత్తానికీ మా భాష మాట్లాడేది ఒక్కడే, సముద్రపు ఒడ్డు నుంచి వచ్చే పెద్దాయన. వరసకి ఏమీ కాకపోయినా బాబాయ్ అంటాను. సముద్రం తోసుకొస్తుంటే ఆయన వీధి ఇప్పటికే మూడుసార్లు వెనక్కి జరిగింది. ఇంకా జరగడానికి వెనకాల చోటు లేదు. ఊరిని మెరకకి చేర్చే భారం పొగ వదిలిన దేశాలే మోయాలి అన్న ఒక్క వాక్యం కోసం ప్రతి ఏడూ వస్తాడు.

ఏటికో నగరం, కానీ హాలు మాత్రం ఎప్పుడూ అదే. కిటికీలుండవు. చెవుల్లో గొంతులు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వస్తుంటాయి. నిద్రో మెలకువో తెలియని ఆ మత్తులో నాకు ఏళ్లన్నీ కలిసిపోతాయి. మొదట భూమి వేడెక్కుతోందని అందరూ ఒప్పుకుని చప్పట్లు కొట్టుకున్నారు. తర్వాత, బాగుపడ్డ దేశాలు ముందు తగ్గించాలన్నారు. వాటిలో ఒక పెద్ద దేశం మా వల్ల కాదని తప్పుకుంది. ఇంకో ఏట రాత్రింబవళ్లు పోట్లాడుకుని ఉసూరుమంటూ పోయారు. చివరికి ఎవరి చేతనైనంత వాళ్లు మాటివ్వండి అన్నారు. అవన్నీ నా నోటితో చెప్పినవే. కళ్లు సగం మూస్తే తివాచీ మీద నీళ్లు, కుర్చీల కింద చిన్న చిన్న చేపలు కనబడేవి. ఎవరూ కాళ్లు పైకి తీసేవారు కాదు.

కిందటి సభలో ఓ మధ్యాహ్నం బాబాయ్ వాక్యం చర్చకి వచ్చింది. అధ్యక్షురాలు నవ్వుతూ, తగిన సమయంలో పరిశీలిస్తామంది, ఈలోగా మిగతా ఒప్పందం కాగితాన్ని అందరూ ఒప్పుకోవాలంది. ఇన్నేళ్లూ నేను ‘పరిశీలిస్తాం’ అనే చెప్పాను, బాబాయ్ తలూపుతూ వచ్చాడు. ఆ రోజు చేపల వంక చూస్తున్నానో ఏమో, మా ఇంటి మాట జారింది.

“చూద్దాంలే అంటున్నారు, బాబాయ్.”

ఆయన తలూపబోయి ఆగాడు. అద్దం వంక ఒకసారి చూశాడు. ఆయన తాపీగా మైకు దగ్గరికి జరిగాడు.

“అలాగే. మీ కాగితం సంగతి కూడా చూద్దాంలెండి,” అన్నాడు.

వదిన మహా సంబరంగా, వీరు కూడా సుముఖంగా ఉన్నారని సభ భాషలో చెప్పేసింది. హాలంతా చప్పట్లు. అధ్యక్షురాలు కొయ్య సుత్తి ఎత్తింది. ఏ ఒక్కరు కాదన్నా కాగితం ఆగుతుంది. సుత్తి బల్ల మీద పడిందంటే మాత్రం, తన ఊరి ఊసే లేని కాగితానికి బాబాయ్ ఒప్పుకున్నట్టే.

దుబాసీ తన మాట మాట్లాడకూడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా వదిన మీదుగా వంగి ఆవిడ మైకు లాక్కున్నాను.

“ఆయన ఒప్పుకోలేదు. కాదన్నారు.”

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. తలలన్నీ మా గది వైపు తిరిగాయి.

“అదేంటి, చూద్దామన్నారుగా?” అని వదిన గొణిగింది.

“అంటే కాదనే, వదినా.”

ఆవిడ నా వైపు తిరిగింది. “అయితే మీ అన్నయ్య...” అని మధ్యలోనే ఆపేసింది.

అధ్యక్షురాలు ఈసారి నవ్వలేదు. మరి మీకేం కావాలని అడిగింది. ఆ ప్రశ్నని బాబాయ్ చెవిలో వేశాను.

“ఎప్పుడు అని అడుగమ్మా. అదొక్కటే,” అన్నాడు.

వదిన ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎప్పుడు?

జవాబు కోసం నా మైకు తెరిచి పెట్టుకున్నాను. హాల్లో ఎవరూ నోరు విప్పలేదు. అక్కడ బాబాయ్ చెవికి చెయ్యి ఆనించుకుని నా గొంతు కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.