చీపురు తాకిన రాయి

బుధవారం సాయంత్రం. కర్లింగ్ క్లబ్బు నిండా కాఫీ పొగలు, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బటర్ టార్టులనే తీపి బిళ్లల కమ్మని వాసన. అద్దాల అవతల కర్లింగ్ ఆటలో బరువైన రాళ్లు మంచు మీద గురి వైపు జారే చప్పుడంటే వెర్నాకు ఇప్పటికీ ప్రాణం. అలవాటు కొద్దీ టార్టులు రెండు కొన్నది. పక్క కుర్చీ ఖాళీ. అందరూ ఆమెను పలకరిస్తారు కానీ ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. అది ఆమె భర్త లోర్న్‌ది.

కిందటి చలికాలం దుకాణం ముందు లోర్న్‌కు షుగర్ పడిపోయి మాట తడబడింది. ఎవరో తాగుబోతు అనుకున్నాడు కానిస్టేబుల్ డారెల్. బోర్లా పడేసి వీపు మీద మోకాలు ఆనించాడు. ఊపిరి ఆగాక, మొహానికి చుట్టిన మఫ్లర్ తొలగించి చూస్తే తన కర్లింగ్ జట్టు నాయకుడే!

నేరం కాదన్నారు, కేసు పెట్టలేదు. మరణ విచారణ మాత్రం జరిగింది. "ఎలా పోయాడో తేల్చండి. బాధ్యులెవరో మాత్రం చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు" అని జ్యూరీకి ముందే చెప్పారు. పోలీసులకు శిక్షణ మెరుగుపరచాలని జ్యూరీ సిఫారసు చేసింది. అంతే.

"వాడు మాత్రం కావాలని చేశాడా? ఇక వదిలెయ్యవే" అంది మార్జ్, టార్టులమ్మే స్నేహితురాలు.

"కావాలని చేశాడని నేనన్నానా? మీ మాటలు వింటే లోర్నే పడుకుని ఊపిరి బిగబట్టినట్టుంది."

మార్జ్ గిన్నెలు సర్దుకుంటూ వెళ్లిపోయింది.

అవతల ఆటలో చివరి రాయి జారుతోంది. అది సాఫీగా సాగేలా దాని ముందు డారెల్ చీపురుతో మంచు రుద్దుతున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "నా చీపురు తగిలింది." చీపురు తాకిన రాయి చెల్లదు; దాన్ని ఆపి పక్కకు తీసేశాడు.

"ఓరి పిచ్చోడా, మేం చూడనే లేదు! నోరు మూసుకుంటే గెలిచేవాడివి!" అని ఎదుటి జట్టు నవ్వింది.

ఆట ముగిసి, తన పక్కనుంచి తలదించుకుని వెళ్లిపోతున్న డారెల్‌ను వెర్నా పిలిచింది. "ఇలా కూర్చో." ఆ ఖాళీ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చెయ్యెందుకెత్తావు? ఎవరూ చూడలేదుగా."

"తగిలింది కదండీ. లోర్న్ గారు నేర్పిందే..."

తన మాట తన చెవినే పడి ఆగిపోయాడు. చీపురు కింద పెట్టాడు. "లాయరు నోరెత్తొద్దన్నాడు. నా మోకాలేనండీ, వెర్నా గారూ."

ఏడాదిగా ఎదురుచూసిన మాట. ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇది నాకు తెలిసిందే. ఊరందరి ముందు చెప్పు."

"ఉద్యోగం పోతుందండీ."

"పోవచ్చు."

డారెల్ లేచి వెళ్లిపోయాడు. వెర్నా తన టార్టు తిని, రెండోదాన్ని కాగితంలో చుట్టుకుంది.

ఆటలో రాయికి చీపురు తగిలితే, కావాలని తాకావా అని ఎవరూ అడగరు. తగిలినవాడు ఒప్పుకోవాలి, అది నియమం. మరి యూనిఫాం వేసుకున్న మనిషి చేతిలో ప్రాణం పోతే, అది ఎవరి చెయ్యో పేరు పెట్టి చెప్పే పని ఎవరి మనస్సాక్షికో వదిలేయకూడదు. అది చట్టమే చెయ్యాలి.