మూడో పిలుపు

“ఫోను ఎత్తుతాండారు. ఊపిరి ఇడుస్తాండారు. మాట మాత్రం పలకరు. ఆ గదిలో ఏమన్నా అయ్యిండాదేమో, నాకు బయంగా ఉండాది,” అంది నాగలక్ష్మి.

సాయిబాబు కళ్ళమీద మోచెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. రాత్రంతా క్రేన్ నడిపి వచ్చినవాడికి పగటి వెలుతురు గిట్టదు. “నీకు గాలి కదిలినా బయమే. గ్యాసు వాసనొస్తాందని మొన్న పక్కగది ఫిలిప్పీనోళ్ళను లేపితివి. వాళ్ళేమో ఎండుచాపలు కాల్చుకుంటాండారు.”

“నవ్వులాట కాదు. ఎత్తినోళ్ళు హలో అనరా? ఏసీ గుయ్యిమనేది ఇనపడతాది. నేను ‘షహనాజూ’ అంటానే ఆ ఊపిరి గూడా ఆగిపోతాది.”

“ఐడీలు అయిపోయినోళ్ళు. దాంకోనుంటారు. నువ్వు ఆ పక్కకు పోవాకు. వాళ్ళ మీదికొచ్చేది రేపు మన మీదికొస్తాది.”

అనిత గుమ్మం దగ్గర కూర్చుని బడి బూట్లు వేసుకుంటోంది. ఆ ఎడారి దేశంలోని ఇండియన్ స్కూల్లో చోటు చాలక పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఒక బడి నడుపుతారు. అనితది మధ్యాహ్నం బడి, తొమ్మిదో తరగతి. షహనాజ్ కూతురు జైబాదీ అదే. ఇద్దరిదీ ఒకే బెంచీ. జైబా బడికి రాక నెల కావస్తోంది.

“మా మిస్సు ఇంకా దాని పేరు పిలుస్తాదిమా,” అంది అనిత. “కొట్టెయ్యలేదు గదా, పిలవాల్సిందేనంట. పిలిచి రవ్వంతసేపు ఆగుతాది. క్లాసంతా నా పక్కకు తిరిగి చూస్తారు. మళ్ళా ఇంకో పేరు పిలుస్తాది.”

“ఎట్ల పిలుస్తాది?”

అనిత మెడ ఎత్తి, గొంతు మార్చి, “షేఏఏక్ జైబా...” అని సాగదీసింది. “అది ‘ప్రెజెంట్ మిస్’ అంటే వరండాలోకి గూడా ఇనపడేది. అందరూ నవ్వేవాళ్ళం.”

నాగలక్ష్మి చప్పున కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఊరికే పిలవాకు. లెయ్, బస్సొచ్చాది,” అంది.

ఆ వేళ ఆమె కూడా బడికి పోవాలి. కమిటీ మీటింగు.

ఆమె కమిటీ మనిషి అయిన తీరే విచిత్రం. తల్లిదండ్రుల కమిటీలో ఎప్పుడూ ఉదయం బడి వాళ్ళే ఉండేవారు. ఇంజనీర్లు, అకౌంటెంట్లు, వాళ్ళ భార్యలు. మధ్యాహ్నం బడి నుంచి ఒక్కరన్నా ఉండాలని ఈ ఏడాది నియమం వచ్చింది. ఎవరుంటారని అడిగితే డ్రైవర్ల భార్యలు, మెకానిక్కుల భార్యలు తలలు వంచుకున్నారు. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్ళు రావడంలేదని చెప్పుకోవడానికి నాగలక్ష్మి చెయ్యెత్తింది. చప్పట్లు కొట్టేశారు. పదో తరగతి తప్పి, ప్రొద్దుటూరు దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చిన మనిషి అలా ప్రతినిధి అయిపోయింది.

అయినా పని వదల్లేదు. బడి మాట ఇళ్ళకు, ఇళ్ళ మాట బడికి చేరవేసింది. పిల్లాడికి బోర్డు కనబడడంలేదని టీచరుతో చెప్పలేని తల్లి పక్కన నిలబడింది. తెలుగు తప్ప రాని ఇళ్ళకు తనే ఫోన్లు చేసింది. టైపు చెయ్యడం చేతకాదు కాబట్టి ఏది చెప్పాలన్నా ఫోన్లో నోటితో చెప్పి పంపేది.

ఆ అలవాటే కొంప ముంచింది. షహనాజ్ మొగుడు దస్తగిరి పనిచేసే కంపెనీ మూతబడింది. ఆ దేశంలో ఉండనిచ్చే ఐడీ కార్డుల గడువు తీరిపోయింది. అతను దూరంగా మదీనత్ అల్ షమాల్ వైపు ఏదో తోటలో కూలికి పోయాడట. ఇల్లు కదిలితే ఎవరు ఆపి అడుగుతారోనని తల్లీ కూతురూ గదిలోనే ఉండిపోయారు. ఇదంతా అనిత చెబితే నాగలక్ష్మి మనసు ఆగలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుంది: “షహనాజూ, ఐడీలు అయిపోయినాయని బిడ్డను నిలిపేస్తివంట గదా. ఏం కాదు, పంపియ్యి. ఇస్కూలోళ్ళకు నేను జెప్తా.”

అది షహనాజ్ ఒక్కదానికే పోయిందనుకుంది. పోయింది తల్లిదండ్రుల గ్రూపుకి. దాచుకున్న మాటకు దండోరా వేసినట్టయింది. తీసేద్దామని వెతుక్కునేలోగా ఎందరో వినేశారు. కాసేపటికి గ్రూపులో షహనాజ్ పేరు లేదు. అప్పటినుంచే ఆ ఫోను అవతల మాటలేని ఊపిరి.

బస్సు ఆయాను బతిమాలుకుని అనిత పక్కనే కూర్చుని వెళ్ళింది. పొద్దుటి పిల్లలు వెళ్ళేవేళ, మధ్యాహ్నం పిల్లలు వచ్చేవేళ, ఆ రెండింటి సందులో మీటింగు. కుర్చీలకు ఇంకా పొద్దుటి పిల్లల వెచ్చదనం ఉంది.

అధ్యక్షుడు శ్రీరామమూర్తి సాయిబాబు పనిచేసే కంపెనీలోనే పెద్ద ఆఫీసరు. మంచి మాటకారి. పక్కన లలితకుమారి, అదే కమిటీ సభ్యురాలు. ఎదురుగా మలయాళీ ప్రిన్సిపల్ మేడమ్. ఆమెకు తెలుగు రాదు. తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు మర్నాటి ఉదయం పరీక్షల బోర్డుకి పోతాయి. ఇప్పుడు పేరు పోనివాళ్ళు వచ్చే ఏడాది పదో తరగతి పరీక్ష రాయలేరు. రావడం మానేసిన పిల్ల ఉంటే, ఆ కుటుంబం ఏమందో కమిటీవాళ్ళు చెప్పాలి. వద్దన్నారని చెబితే సీటు ఖాళీ అయినట్టే. ఆ ఖాళీ కోసం బయట చాలామంది కాచుకుని ఉన్నారు.

“అరే, ఏముందండీ ఇందులో,” అన్నాడు శ్రీరామమూర్తి. “నాగలక్ష్మిగారు ఫోన్ చేశారు కదా. వాళ్ళు వద్దన్నారని ఒక్క మాట అనేస్తే అయిపోతుంది.”

“అనలేదు సార్.”

“మరేమన్నారమ్మా?”

“ఏమీ అనలేదు సార్. ఎత్తుతారు. ఊరికే ఉంటారు.”

లలితకుమారి నవ్వింది. “మాట్లాడకపోతే వద్దనే కదండీ అర్థం! మా ఆడపడుచు కొడుకు జూన్ నుంచీ ఇంట్లోనే కూర్చున్నాడు. వచ్చేవాళ్ళకి సీట్లు లేవు, రానివాళ్ళకి సీట్లు కాపలా కాయాలా?”

శ్రీరామమూర్తి ప్రిన్సిపల్ వైపు తిరిగాడు. “ఫ్యామిలీ నాట్ ఇంట్రెస్టెడ్, మేడమ్.”

ఆ ముక్క నాగలక్ష్మికి అర్థమైంది. పెళ్ళి సంబంధం వద్దనుకున్నవాళ్ళు కూడా ఆ ముక్కే అంటారు. ఆమె లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు.

“నో మేడమ్,” అంది. “నాట్ సే. దే... నాట్ సే.”

అక్కడికి ఇంగ్లీషు అయిపోయింది. ఆమె శ్రీరామమూర్తినే చూస్తూ అంది:

“మా పక్క సచ్చినోళ్ళను గూడా దింపుడు కళ్ళం కాడ పాడె దించి, చెవులో మూడుతూర్లు పేరు పెట్టి పిలుస్తారు సార్. పలకకపోతేనే ఎత్తేది. ఈ బిడ్డను ఎవురు పిలిచినారు? ఫోనులో నేను వాళ్ళమ్మ పేరు పిలిస్తిని గానీ బిడ్డను పిలవలేదే!”

“శుభమా అని ఏమిటమ్మా ఆ మాటలు!” అన్నాడతను చిరాగ్గా. మళ్ళీ వెంటనే నవ్వు ముఖం పెట్టి, మెత్తగా, “అన్నట్టు, మన సాయిబాబు కాంట్రాక్టు రెన్యువల్ ఎప్పుడమ్మా?” అని అడిగాడు.

కుశలం అడిగినట్టే అడిగాడు. సాయిబాబు పని పోతే ఇల్లంతా దేశం విడిచి పోవాల్సిందేనని నాగలక్ష్మికి తెలుసు. సామాన్లు కట్టుకుని ఎయిర్‌పోర్టులో నిలబడ్డట్టు, అనిత పుస్తకాల సంచి అక్కడే మరిచిపోయినట్టు, ఒక్క క్షణంలో అంతా కళ్ళముందు తిరిగింది. కూర్చుందామనుకుంది. కూర్చోలేదు.

“డిసెంబర్లో సార్,” అంది. “వాళ్ళు అనని మాట మాత్రం నా నోట రాదు.”

ప్రిన్సిపల్ మేడమ్ ఏం అర్థం చేసుకుందో ఏమో, రేపు బడి తెరిచేసరికి తల్లో తండ్రో పిల్లను వెంటబెట్టుకొస్తే పేరు పంపుతానని, ఐడీ సంగతి తర్వాత చూద్దామని, రాకపోతే మాత్రం తన చేతిలో ఏమీ ఉండదని చెప్పింది. ఆ మాట లలితకుమారే ముఖం తిప్పుకుని తెలుగులో చెప్పింది. ప్రతిసారీ తన కారులో దింపే మనిషి ఆ రోజు అద్దం కూడా దించకుండా వెళ్ళిపోయింది.

నాగలక్ష్మి నడిచింది. సెప్టెంబరు ఎండ, పైన ఉక్క. చున్నీ నెత్తిమీదికి లాక్కుంటే అదీ కాలింది. షహనాజ్ వాళ్ళుండే ఐన్ ఖాలిద్‌లో సందులన్నీ ఒకేలా ఉంటాయి, ఎత్తు గోడలు, మూసిన గేట్లు, మనిషి అలికిడి ఉండదు. ప్రతి తెల్లకారూ తనకోసమే ఆగుతున్నట్టు అనిపించింది. పోవాకు, పోవాకు అని సాయిబాబు గొంతు వెంట వస్తూనే ఉంది. పచ్చ గేటు, వెనకవైపు మెట్లు, నీళ్ళ ట్యాంకు పక్కన తలుపు. అనిత చెప్పిన గుర్తులు అవే.

పెద్ద ఇంటిని చెక్కలతో అడ్డంగా కోసి గదులు చేశారు. ఒక్కో గదికీ ఒక్కో కుటుంబం, రెండు వేల రియాళ్ళ అద్దె. నడవాలో చీకటి. ట్యాంకు పక్క తలుపు ముందు నల్ల బూట్లు జతగా ఉన్నాయి. నాగలక్ష్మి వంగి చూసింది. పూటపూటకూ ఇసుకదుమ్ము పేరుకునే ఊరిలో ఆ బూట్లమీద చిటికెడు దుమ్ము లేదు. అద్దంలా మెరుస్తున్నాయి.

ఎవరు తుడుస్తున్నారు? ఎక్కడికి పోవడానికి?

తలుపు తట్టింది. పలుకు లేదు. ఫోను తీసి నంబరు నొక్కింది. తలుపు అవతల మోగింది. ఆగింది. ఎత్తారు. ఒక చెవిలో ఫోను, ఒక చెవిలో తలుపు. రెండిట్లోనూ ఒకే ఏసీ చప్పుడు. రెండిట్లోనూ ఒకే ఊపిరి.

“షహనాజూ, నేను నాగలక్ష్మిని. నోరు జారి అందరికీ ఇనిపిస్తిని. నన్ను ఏమన్నా తిట్టు, పడతా. బిడ్డ పేరు రేపు కొట్టేస్తారంట. రేపొక్క పొద్దు నువ్వు బిడ్డను తోడుకోని బడికి రావల్ల. నేను వెంట వస్తా. ఇస్కూలుకు రాకుండా బూట్లు ఎందుకు తుడుస్తాండాదమ్మా ఆ బిడ్డ?”

ఊపిరి ఆగిపోయింది. ఫోను పెట్టేశారు.

పక్క తలుపు సందులోంచి ఎవరో చూసి, గొళ్ళెం వేసుకున్నారు. నాగలక్ష్మి చెమట తుడుచుకోలేదు.

“జైబా,” అని పిలిచింది.

ఏమీ లేదు.

“జైబా! నేనమ్మా, అనితా వాళ్ళమ్మను.”

లోపల ఏదో నేలను రాసుకున్న చప్పుడు. చాపా? కాలా? మళ్ళీ ఏమీ లేదు.

మూడోసారి నోరు తెరిచి ఆగిపోయింది. తన తండ్రిని దింపుడు కళ్ళం దగ్గర దించిన రోజు గుర్తొచ్చింది. ‘నాయనా’ అని అన్న మూడోసారి పిలిచాక ఎవరూ ఆగలేదు. భుజాలకెత్తుకుని నడిచారు. మూడో పిలుపుకు పలకకపోతే ఇక ఆగేది ఉండదు. పిలవకుండా వెనక్కి పోతే, పలికేదేమో అన్న ఆశన్నా మిగులుతుంది. సాయిబాబు నిద్ర లేచేలోగా ఇల్లు చేరవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. మెట్లవైపు చూసింది. బూట్లవైపు చూసింది.

తర్వాత మెడ ఎత్తింది. తనకు రాని గొంతు తెచ్చుకుంది. కూతురు పొద్దున చేసి చూపించిన గొంతు.

“షేఏఏక్ జైబా...”

నడవా చివరిదాకా పోయి ఆ పేరు తిరిగొచ్చింది. ఏసీ ఆగి, మళ్ళీ మొదలైంది. లోపల ఒక ఆడమనిషి “ష్‌” అంది. బయట ట్యాంకులోంచి నీటిచుక్కలు పడుతున్నాయి. నాగలక్ష్మి కళ్ళు మూసుకుని, అరచెయ్యి తలుపుకి ఆనించి, క్లాసులో టీచరు ఆగినట్టే ఆగింది. టీచరు ఆగే దానికన్నా ఎక్కువసేపే ఆగింది. ఇంకో పేరు పిలవలేదు.

చాలాసేపటికి తలుపు అవతల నుంచి, దాదాపు తన అరచెయ్యి ఆనిన చోటునుంచే, ఎన్నాళ్ళుగానో వాడక బొంగురుపోయిన గొంతు వచ్చింది.

“ప్రెజెంట్ మిస్.”